రేపటి వాన, నేటి రంది

రోహిణి కార్తె ముగిసి మృగశిర ప్రవేశించే జూన్ మొదటి పక్షంలో, ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెల్కల్లో దుక్కులు సిద్ధమై ఉంటాయి, విత్తనం ఇంటికి చేరి ఉంటుంది, ఎరువులకు తెచ్చిన అప్పుకు వడ్డీ మొదలై ఉంటుంది, వాన మాత్రం ఏ రోజు వస్తుందో ఎవరికీ తెలియదు. ఏడాదికి సగటున పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, సుమారు 600 మిల్లీమీటర్లు, నల్లగొండలో సుమారు 750 మిల్లీమీటర్లు కురిసే ఈ ప్రాంతంలో, అందులో అత్యధిక భాగాన్ని నైరుతి రుతుపవనాలే తెస్తాయి. చెల్క, అంటే ఇసుక పాలు ఎక్కువగా ఉన్న ఎర్ర నేల, కురిసిన నీటిని ఎన్నో రోజులు పట్టి ఉంచలేదు కాబట్టి, తొలి వానకు విత్తనం పెట్టిన తర్వాత రెండు మూడు వారాలు మొగులు మొహం చాటేస్తే మొలిచిన మొక్క ఎండిపోయి, మళ్లీ విత్తనం కొనవలసి వస్తుంది. చింత వదిలి ఈ క్షణంలో జీవించాలన్న బోధ ఎంత పురాతనమైనదైనా, అది ఎంతవరకు నిజమో, ఎక్కడ సగం నిజంగా మిగిలిపోతుందో తేల్చుకోవడానికి ఇలాంటి నేలకు మించిన చోటు లేదు. ఇక్కడి కొన్ని గ్రామాలు 1970ల నుంచే శాస్త్రవేత్తల పరిశీలనలోకి రావడం అందుకు మరింత తోడ్పడుతుంది.

మనస్తత్వ శాస్త్రం ఆందోళనను భయం నుంచి వేరు చేసి చూస్తుంది. గట్టు మీద పాము ఎదురైనప్పుడు కలిగేది భయం. అది కళ్ల ముందున్న అపాయానికి శరీరం ఇచ్చే జవాబు, పాము వెళ్లిపోతే కాసేపటికి అదీ పోతుంది. ఆందోళన అలాంటిది కాదు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1980ల నుంచి దీనిని లోతుగా పరిశీలించి, ఆందోళన అంటే ఫలితం తెలియని భవిష్యత్తు గురించి, చెడు జరగవచ్చునన్న ఊహతో, అదుపులో ఉంచుకోవడం కష్టమయ్యేంతగా మనసులో సాగే ఆలోచనల పరంపర అని నిర్వచించారు. ఆ పరంపర దృశ్యాల రూపంలో కంటే మాటల రూపంలోనే ఎక్కువగా నడుస్తుందని, మనిషి తనలో తాను మాట్లాడుకుంటూ, ఒక ప్రశ్నకు జవాబు దొరకకముందే మరో ప్రశ్నకు వెళ్తాడని వారు గమనించారు. ఫలితం తెలియకపోవడమన్నదే ఈ నిర్వచనానికి ఆయువుపట్టు.

తెలియకపోవడం శరీరాన్ని ఎలా పట్టుకుంటుందో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక ప్రయోగం చూపింది. అందులో 45 మంది కంప్యూటర్ తెర మీద కనిపించే రాళ్లను చూసి, ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి. పాము ఉంటే చేతికి బాధ కలిగించే చిన్న విద్యుత్ షాక్ తగులుతుంది. ఏ రాయి కింద పాము ఉండే అవకాశం ఎంతన్నది ప్రయోగం సాగే కొద్దీ మారుతూ ఉంటుంది. చెమటను, కంటిపాప విస్తరణను కొలిచి చూస్తే, షాక్ తగలడం దాదాపు ఖాయమైన చోట కంటే, తగిలే అవకాశం సరిగ్గా సగానికి సగం ఉన్న చోట ఒత్తిడి ఎక్కువగా ఉంది. కీడు వస్తుందని తెలిసిన మనసు దానికి సిద్ధపడుతుంది. వస్తుందో రాదో తెలియని మనసు రెండింటికీ సిద్ధపడుతూ అలసిపోతుంది. ఈ ప్రయోగంలోనే అంతగా ప్రచారంలోకి రాని మరో ఫలితం కూడా ఉంది: అనిశ్చితి పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గే ఒత్తిడి ఉన్నవాళ్లు, పాము ఎక్కడుందో మిగిలినవారి కంటే బాగా ఊహించగలిగారు. అంటే ఆ ఒత్తిడి వృథాగా పోలేదు, అది నేర్చుకోవడానికి పనికివచ్చింది.

అనిశ్చితి ముందు మనిషి ఎలా మెలగుతాడన్నది పాలమూరు పల్లెల్లో కూడా కొలిచి చూశారు. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్, అంటే అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, 1975 నుంచి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు గ్రామాలతో పాటు మహారాష్ట్రలోని మరికొన్ని గ్రామాల కుటుంబాల జమాఖర్చులను ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చింది. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త ఆ అధ్యయన గ్రామాల్లోనే, రైతులకు నిజమైన డబ్బు ఇచ్చి, నాణెం ఎగరవేసి ఎంచుకునే ఆటల ద్వారా వారి తెగువను కొలిచారు: బొమ్మ పడినా బొరుసు పడినా 50 రూపాయలు ఖాయంగా తీసుకుంటారా, లేక ఒక వైపు పడితే ఏమీ రాకుండా మరో వైపు పడితే 200 రూపాయలు వచ్చే పందేనికి సిద్ధపడతారా అన్నది అందులో రెండు కొసలు, వాటి మధ్యన ఇంకొన్ని మెట్లు. 1980లో వెలువడిన ఫలితాల ప్రకారం, పందెం మొత్తం పెద్దదయ్యేకొద్దీ పేద, ధనిక తేడా లేకుండా దాదాపు అందరూ మధ్యస్థమైన జాగ్రత్తనే పాటించారు. పేదరికం వల్ల పల్లెవాసికి భయం ఎక్కువన్న అప్పటి అభిప్రాయానికి ఈ ఫలితం గట్టి సమాధానం. జాగ్రత్త పాలు దాదాపు అందరిలో ఒక్కటే, మోయగలిగిన నష్టం పాలే వేరు.

జేవియర్ జీనే, రాబర్ట్ టౌన్‌సెండ్, జేమ్స్ వికరీ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ తర్వాతి కాలంలో మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో వెయ్యికి పైగా కుటుంబాలను ఒక ప్రశ్న అడిగారు: ఈ ఏడు విత్తనానికి సరిపడే తొలకరి ఎప్పుడు వస్తుంది? జవాబు చెప్పించుకున్న తీరు ముచ్చటైనది. రైతు ముందు ఒక కాగితం పరిచారు. దాని మీద కార్తెల వారీగా గళ్లు ఉన్నాయి. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలం. ఈ లెక్క పల్లెలో పుట్టి పెరిగిన వారికి జనవరి, ఫిబ్రవరి కంటే దగ్గరిది. రైతు చేతికి పది రాళ్లు ఇచ్చి, ఏ కార్తెలో వాన మొదలయ్యే అవకాశం ఎక్కువనుకుంటే ఆ గడిలో ఎక్కువ రాళ్లు, తక్కువనుకుంటే తక్కువ రాళ్లు పెట్టమన్నారు. సంభావ్యత అన్న గణిత భావనను ఒక్క సూత్రం కూడా చెప్పకుండా చేతితో చూపించే పద్ధతి ఇది. వాన మొదలైనట్టు ఎప్పుడు లెక్క అన్న దానికి కూడా రైతుల దగ్గర సొంత కొలత ఉంది. క్యాలెండరు తేదీ వారికి అక్కరలేదు, నేలలోకి ఎంత లోతున తడి దిగితే విత్తనానికి పదును అయినట్టో వారికి తెలుసు. ఆ రాళ్ల లెక్కలను పాత వర్షపాత నమోదులతో పోల్చి చూసినప్పుడు, ఎవరి ఆదాయం వాన మీద ఎక్కువగా ఆధారపడి ఉందో, నష్టం వస్తే తట్టుకునే దారులు ఎవరికి తక్కువగా ఉన్నాయో, వారి అంచనాలే వాస్తవానికి ఎక్కువ దగ్గరగా ఉన్నట్టు తేలింది.

ఈ ఫలితాన్ని లండన్ ప్రయోగం పక్కన పెట్టి చూస్తే ఆందోళన గురించి ఒక మౌలికమైన సంగతి స్పష్టమవుతుంది. పోయేది ఎక్కువైన మనిషి ఎక్కువ గమనిస్తాడు, గుర్తు పెట్టుకుంటాడు, పోల్చి చూస్తాడు. గాలి దిక్కును, చీమల బారును, నిరుడు ఆరుద్రలో ఏం జరిగిందో ముందు ఏడు ఏం జరిగిందో తలచుకునే రైతు మనసులో జరుగుతున్నది బలహీనత కానే కాదు, అది శ్రమ. అందువల్ల ఆందోళన అంతటినీ జబ్బు కింద జమకట్టి దులిపేసుకోవాలని చెప్పే మాట అశాస్త్రీయం, మెట్ట రైతు విషయంలో అయితే అన్యాయం కూడా.

అయితే ఆ శ్రమకు ఒక హద్దు ఉంది. రాళ్లు గళ్లలో పెట్టేసిన తర్వాత, అంటే తెలిసినంత తెలుసుకుని అంచనా కట్టేసిన తర్వాత కూడా, అదే లెక్కను రాత్రి రెండు గంటలకు మళ్లీ మొదటి నుంచి వేసుకోవడం వల్ల అంచనా మెరుగుపడదు. మనసు అక్కడ ఎందుకు ఆగదన్న ప్రశ్నకు బోర్కోవెక్ బృందం ఇచ్చిన వివరణ ఆలోచింపజేస్తుంది. మాటలలో సాగే ఆందోళన, భయంకరమైన దృశ్యం కళ్ల ముందు నిలిచినప్పుడు కలిగే గుండె దడను కొంత అణచి ఉంచుతుంది; పైగా భయపడినవాటిలో చాలా భాగం చివరికి జరగవు కాబట్టి, ఆందోళన పడటం వల్లనే గండం గడిచిందన్న భావన లోలోపల స్థిరపడుతుంది. పెన్సిల్వేనియాలోనే 2020లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఆందోళన రుగ్మత ఉన్న 29 మంది తమ ఆందోళనలను రాసిపెట్టుకుని తర్వాత సరిచూసుకోగా, వాటిలో నూటికి 91 నిజం కాలేదు. ఈ అంకెను వాన కోసం ఎదురుచూసే రైతుకు అన్వయించడం మాత్రం తగదు. అతని భయాలు అంతకంటే తరచుగా నిజమవుతాయి.

హద్దు దాటిన ఆందోళన శరీరం మీద వేసే భారం తెలిసినదే. మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే బాదంగింజంత భాగం హెచ్చరిక చేయగానే, మూత్రపిండాల మీద ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును రక్తంలోకి విడుదల చేస్తాయి. గంటసేపటి ఆపదకు ఇది బలమిస్తుంది, నెలల తరబడి సాగితే నిద్రను, రక్తపోటును, జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. ఆలోచన మీద పడే భారం గురించి అంతగా తెలియదు. 2013లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో తమిళనాడుకు చెందిన 464 మంది చెరకు రైతులకు, చేతిలో డబ్బు ఆడని కోతలకు ముందు ఒకసారి, డబ్బు అందిన తర్వాత మరోసారి ఒకే రకమైన తర్క పరీక్షలు పెట్టగా, అదే మనిషి కోతలకు ముందు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. ఈ తేడాలో ఎంత భాగం పరీక్ష రెండోసారి రాయడం వల్ల వచ్చిందన్న దానిపై తర్వాత పండితుల మధ్య చర్చ నడిచింది. అయినా, మనసులో సగం అప్పు లెక్కలకే పోతే మిగిలిన సగంతోనే సంసారం, సేద్యం నడపాలన్న సంగతి కాదనలేనిది. కొత్త బోరు వేయాలా వద్దా అన్నటువంటి, నల్లగొండ గ్రానైటు రాతిలో పగుళ్లు తగిలితే నీరు, తగలకపోతే లక్ష రూపాయల దుమ్ము అన్నటువంటి నిర్ణయాలు తీసుకోవలసి వచ్చేది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇరుగుపొరుగు ఇచ్చే ఓదార్పు సాధారణంగా ‘రంది పెట్టుకోకు’ అన్న మాటతో మొదలవుతుంది. ప్రేమతో అన్నదే అయినా, అక్షరాలా పాటించబోతే ఆ మాట ఎదురుతిరుగుతుంది. డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని కోరినప్పుడు, వాళ్లు ఆ తలపును ఆపలేకపోవడమే కాక, ఆంక్ష ఎత్తివేసిన తర్వాత మొదటి నుంచి దాని గురించే ఆలోచించమన్న వారి కంటే ఎక్కువగా ఆలోచించారు. ఒక తలపు రాకుండా చూసుకోవాలంటే, అది వచ్చిందేమోనని మనసు కాపలా కాయాలి. ఆ కాపలాయే దానిని మళ్లీ మళ్లీ లోపలికి తెస్తుంది.

పనిచేసే దారులు వేరే ఉన్నాయి. మొదటిది, ఆందోళనకు ఒక వేళ కేటాయించడం. రోజులో ఒకే చోట, ఒకే సమయంలో అరగంట కూర్చుని మనసులో ఉన్నదంతా ఆ అరగంటలోనే ఆలోచించి, మిగిలిన వేళల్లో ఆ తలపు వచ్చినప్పుడు దానిని ఆ సమయానికి వాయిదా వేయడం. బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించిన ఈ పద్ధతి ఆలోచనను నిషేధించదు, దానికి గడువు ఇస్తుంది. రెండోది, తీరని పనికి ఒక ప్రణాళిక కట్టడం. మాసికాంపో, బామైస్టర్ అనే పరిశోధకులు 2011లో చూపినదేమిటంటే, పూర్తికాని పని మనసును పదేపదే లాగుతుంది గానీ, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో నిర్దిష్టంగా నిర్ణయించుకుంటే చాలు, పని ఇంకా పూర్తి కాకపోయినా ఆ లాగుడు ఆగిపోతుంది. మనసుకు కావలసినది పని ముగిసిందన్న వార్త కాదు, పనికి దారి ఏర్పడిందన్న నమ్మకం.

ఈ రెండో ఫలితం మెట్ట సేద్యానికి సూటిగా వర్తిస్తుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రీడా, దేశంలోని జిల్లాలకు వ్యవసాయ విశ్వవిద్యాలయాలతో కలిసి ఆకస్మిక పంటల ప్రణాళికలు తయారు చేసింది. రుతుపవనం రెండు వారాలు ఆలస్యమైతే ఏ పంట, నాలుగు వారాలైతే ఏ రకం, ఆరు, ఎనిమిది వారాలైతే ఏది అన్నది అందులో వరుసగా ఉంటుంది. ఫలానా కార్తె దాకా పదును కాకపోతే పత్తి మానుకుని ఆముదమో కందో వేయాలి, అదీ దాటిపోతే ఉలవతో సరిపెట్టుకోవాలి అని మే నెలలోనే ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకుని, విత్తనం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని పెట్టుకున్న కుటుంబానికి వాన ఆలస్యం బాధ కలిగించవచ్చు, కానీ రోజూ కొత్త ప్రశ్నగా మాత్రం రాదు. ఈ ప్రణాళికలు కార్యాలయాల దస్త్రాలలో ఉండిపోకుండా, కార్తెల లెక్కలో, ఒక్క పేజీలో ప్రతి రైతు వేదిక గోడ మీద ఉండాలి.

మూడో దారి, శ్రద్ధను అభ్యాసం ద్వారా వర్తమానానికి తీసుకురావడం. ఈ నేలకు అది కొత్త కాదు. ఒకప్పుడు నల్లగొండలో భాగమై, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉన్న ఫణిగిరి కొండ మీద బౌద్ధ భిక్షువులు నివసించి సాధన చేసిన విహారాల శిథిలాలు నేటికీ ఉన్నాయి. బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకుని, 1969లో భారతదేశానికి వచ్చిన ఎస్.ఎన్. గోయెంకా ప్రచారం చేసిన విపశ్యనకు నాగార్జునసాగర్‌లో ధమ్మ నాగజ్జున అనే కేంద్రం ఉంది. పది రోజుల మౌన శిబిరంలో మొదటి మూడున్నర రోజులు ముక్కుపుటాల దగ్గర శ్వాస రాకపోకలను గమనించడం తప్ప మరే పనీ ఉండదు. మనసు నిమిషంలోపే ఎటో వెళ్తుంది. వెళ్లిందని గుర్తించి, విసుక్కోకుండా, మళ్లీ శ్వాస దగ్గరకు తేవాలి. ఆ గుర్తించడం, తేవడమే అభ్యాసం. తలపును తరమడం అందులో భాగం కాదు కాబట్టి, తెల్ల ఎలుగుబంటి చిక్కు ఇక్కడ ఎదురుకాదు.

బౌద్ధ సాధనల నుంచి మతపరమైన భాగాన్ని పక్కన పెట్టి, జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్ వైద్య కళాశాలలో ఎనిమిది వారాల శిక్షణగా మలిచిన తర్వాత ఈ పద్ధతి ఆసుపత్రులలోకి ప్రవేశించింది. ధ్యానం మీద జరిగిన 47 ప్రయోగాలను, అంటే 3,515 మంది వివరాలను కలిపి 2014లో చేసిన సమీక్ష, ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయాలలో దీనికి ఒక మోస్తరు ప్రయోజనం ఉందని తేల్చింది. అంతకు మించి చెప్పుకునే ప్రచారాలకు ఆధారం లేదు. 2022లో 276 మంది ఆందోళన రోగుల మీద జరిగిన ప్రయోగంలో, ఈ ఎనిమిది వారాల శిక్షణ, ఎస్సిటలోప్రామ్ అనే వాడుకలో ఉన్న మందుతో సమానంగా నిలిచింది. మెదడులో జరిగేదేమిటన్న దానికి కూడా కొంత ఆధారం ఉంది: చేతిలో పని లేనప్పుడు చురుకయ్యే మెదడు భాగాల సముదాయాన్ని మార్కస్ రైకిల్ 2001లో గుర్తించగా, గతాన్ని తవ్వుకునే, భవిష్యత్తును ఊహించుకునే పనిలో ముందుండే ఆ సముదాయం, అనుభవజ్ఞులైన సాధకులలో ధ్యాన సమయంలో తక్కువ చురుకుగా ఉంటుందని 2011 నాటి స్కాన్‌లు చూపాయి.

ఇంతవరకు చెప్పినవన్నీ మనసు లోపలి పద్ధతులు. అనిశ్చితి మాత్రం బయట ఉంది, దాన్ని బయటే తగ్గించే ప్రయత్నాలు కూడా ఇక్కడే జరిగాయి. 2003లో బేసిక్స్ అనే సూక్ష్మరుణ సంస్థ, ఐసీఐసీఐ లాంబార్డ్ అనే బీమా కంపెనీ కలిసి భారతదేశంలో తొలి వర్షపాత బీమాను ప్రయోగాత్మకంగా అమ్మినది మహబూబ్‌నగర్ జిల్లాలోనే. ఆముదం, వేరుశనగ రైతులకు ఉద్దేశించిన ఆ బీమాలో నష్టాన్ని చూడటానికి ఎవరూ చేను దగ్గరకు రావలసిన అవసరం లేదు; దగ్గరి వర్షమాపక కేంద్రంలో నిర్ణీత మట్టం కంటే వాన తగ్గితే చాలు, సొమ్ము అందాలి. ఆశ్చర్యమేమిటంటే, కొన్నవారు చాలా తక్కువ. నష్టానికి ఎక్కువగా జంకేవారు ఇంకా తక్కువగా కొన్నారు, ఎందుకంటే వారికి ఆ బీమాయే తెలియని మరో పందెంగా తోచింది. ఆందోళన ఎక్కువైన మనసు తనకు మేలు చేసే కొత్తదాన్ని కూడా అనుమానిస్తుంది. ఆ తర్వాత షాన్ కోల్, జీనే, వికరీ 2009లో ఇదే ప్రాంత రైతులలో కొందరికి, చీటీ పద్ధతిలో ఎంపిక చేసి, అలాంటి బీమాను ఉచితంగా ఇచ్చి చూశారు. బీమా అందినవారు తమ పెట్టుబడిని ఆముదం, వేరుశనగల వైపు, అంటే వాన తప్పితే ఎక్కువ పోయి వాన పడితే ఎక్కువ వచ్చే పంటల వైపు మళ్లించారు. వాళ్లకు ధైర్యం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. మోయవలసిన భారంలో కొంత మరొకరి భుజానికి మారింది, అంతే. తెలంగాణలోని 250 గ్రామాలలో 2022లో జరిగిన మరో ప్రయోగంలో, రుతుపవనం ఎప్పుడు వస్తుందో వారాల ముందే తెలిపే సూచనను అందుకున్న రైతులలో, అనుకున్న దానికంటే ఆలస్యమని తెలిసినవారు సాగును తగ్గించుకుని జాగ్రత్తపడ్డారు. చెడు కబురైనా సరే, ముందే తెలిస్తే దాని చుట్టూ నిర్ణయం కట్టుకోవచ్చు.

అందుచేత చింత వదలడాన్ని వ్యక్తి మనోబలానికి మాత్రమే విడిచిపెట్టడం సరైనది కాదు. రైతు చనిపోతే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందించే రైతు బీమా రాష్ట్రంలో 2018లో మొదలైంది. 2020లో రాష్ట్రం కేంద్ర ప్రభుత్వ పంట బీమా అయిన ఫసల్ బీమా పథకం నుంచి తప్పుకోవడంతో, ఆ తర్వాతి ఏళ్లలో వాన తప్పి పంట పోయిన రైతుకు ఆ పాటి భరోసా కూడా లేకపోయింది. బతికున్న రైతు రంది తగ్గించే ఏర్పాటు, అతని మరణానంతరం ఇంటిని ఆదుకునే ఏర్పాటు కంటే ముందు రావాలి. నమ్మదగిన పంట బీమా, మండలానికి సరిపడినన్ని వర్షమాపక కేంద్రాలు, కార్తెల భాషలో చెప్పే వాతావరణ సూచన, అదునుకు అందే బ్యాంకు అప్పు ఉన్న చోట శ్వాస మీద శ్రద్ధ నిలుస్తుంది. అవి లేని చోట ధ్యానం చెప్పడం, పీకల్లోతు నీటిలో ఉన్నవాడికి ఈత నేర్పుతూ గట్టు సంగతి దాచడమే.

ఆందోళన కనీసం ఆరు నెలలుగా ఎక్కువ రోజులు ఉంటూ, నిద్ర పట్టకపోవడం, కండరాలు బిగుసుకోవడం, చీటికిమాటికి చిరాకు, తొందరగా అలసట, పని మీద మనసు నిలవకపోవడం వంటివి తోడైతే, దానిని వైద్యులు చికిత్సతో తగ్గే రుగ్మతగా పరిగణిస్తారు. ఇంట్లో ఎవరైనా అలా ఉన్నా, బతకడం ఎందుకన్న మాట నోటి వెంట వచ్చినా, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆ నంబరును ఇంట్లో అందరి ఫోన్లలో ఈ రోజే దాచిపెట్టుకోండి.